రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - జూలై 5, 1905) పందొమ్మిదవ శతాబ్దపు భారతదేశంలో అత్యంత ప్రసిద్ధి చెందిన ఛాయాచిత్రకారుడు. ఈయనను లాలా దీన్ దయాళ్ అని కూడా పిలిచేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా హైదరాబాదు సంస్థానపు కోటలను, మహళ్ళను, వేటలను, విందులను, ప్రజలను గాజు పలకలపై నమోదు చేశాడు. నేడు మనము పందొమ్మిదవ శతాబ్దపు హైదరాబాదును ఊహించుకొనే తీరులో అధిక భాగము ఈయన చిత్రాల నుండి వచ్చినదే. ఈయనకు ఇండోర్, సికింద్రాబాదు, బొంబాయి నగరాలలో స్టూడియోలు ఉండేవి.

కెమెరా అంటే ఏమిటో చాలామందికి తెలియని కాలంలో, ముక్కూ మొహమూ ఎరుగని మనుషులను దాని ముందు నిలబెట్టి, వారి జంకు పోగొట్టి చిత్రాలు తీయవలసి రావడము ఈయన వృత్తిలోని ముఖ్యమైన సమస్య. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కొరకు నెలకొల్పిన జనానా స్టూడియో ఈ సమస్యకు ఈయన కనుగొన్న పరిష్కారాలలో ప్రసిద్ధమైనది.

బాల్యము, విద్య

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణము ప్రస్తుతము ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలో ఉన్నది. ఈయనది నగల వ్యాపారము చేసే జైన కుటుంబము. కుటుంబ వృత్తిని చేపట్టకుండా ఈయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో సాంకేతిక శిక్షణ పొందాడు. ఆ కళాశాలయే తరువాతి కాలంలో రూర్కీ విశ్వవిద్యాలయముగా, 2001లో భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థగా మారింది.

అక్కడ నేర్చిన నక్షాలు గీయడము, కొలతలు తీయడము తరువాత ఛాయాగ్రహణంలో ఈయనకు బాగా ఉపయోగపడ్డాయి. ఈయన తీసిన భవనాల చిత్రాలలో నిలువు గీతలు వంగకుండా ఉండడము, పెద్ద బృందాల చిత్రాలలో ఒకరి ముఖానికి మరొకరు అడ్డు రాకుండా మనుషులను వరుసలలో అమర్చడము గమనించవచ్చు.

ఉద్యోగము, ఛాయాగ్రహణంలో ప్రవేశము

చదువు ముగిసిన తరువాత 1866లో ఇండోర్ లోని ప్రజా పనుల శాఖ కార్యాలయంలో అంచనాలు తయారు చేసే ఉద్యోగిగా, నక్షా లేఖకునిగా చేరాడు. 1870వ దశకంలో ఉద్యోగము చేస్తూనే ఛాయాగ్రహణము అభ్యసించాడు. 1874 నుండి ఈయన ఈ కళలో గట్టిగా కృషి చేసినట్లు చరిత్రకారులు చెబుతారు.

ఇండోర్ పాలకుడు రెండవ తుకోజీరావు హోల్కర్ ఈయనకు మొదటి పోషకుడు. మహారాజు ద్వారా ఈయనకు మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీతో పరిచయము కలిగింది. వీరిద్దరి ప్రోత్సాహంతో ఇండోర్ లో స్టూడియో ఏర్పడినది. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు దీన్ దయాళ్ ఆ పర్యటన చిత్రాలను తీశాడు.

అప్పటికి ఛాయాగ్రహణము పుట్టి నాలుగు దశాబ్దాలు కూడా నిండలేదు. ఈ ప్రక్రియ 1839లో ఐరోపాలో వెల్లడి అయినది. బొంబాయిలో 1854లోను, మద్రాసులో 1856లోను ఛాయాగ్రహణ సంఘాలు ఏర్పడ్డాయి. పేరు పొందిన వృత్తి చిత్రకారులలో ఎక్కువ మంది ఆంగ్లేయులే. సంస్థానాధీశుల వద్దా, వైస్రాయి వద్దా సమానంగా ఆదరణ పొందిన భారతీయులలో దీన్ దయాళ్ మొదటి వరుసలో నిలుస్తాడు.

మధ్య భారత చిత్రాలు

1880వ దశకపు ఆరంభంలో డాలీ తరువాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ తో కలిసి దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగాడు. గ్వాలియర్, సాంచి, ఓర్ఛా, దతియా మొదలైన చోట్ల ఉన్న కట్టడాలను చిత్రించాడు. ఈ చిత్రాలు మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలు అనే అర్థము వచ్చే ఆంగ్ల శీర్షికతో 1886లో గ్రంథ రూపంలో వెలువడ్డాయి.

ఈ ప్రయాణాలలో కట్టడాలతో పాటు మనుషులను కూడా చిత్రించాడు. రాజులు, సర్దారులు, సైనికులతో పాటు భిల్లుల వంటి ఆదివాసులు కూడా ఈయన చిత్రాలలో కనిపిస్తారు. ఆ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వము ప్రజలను కులాలుగా, తెగలుగా వర్గీకరించి చిత్రాలు తీయించేది. 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన భారతదేశ ప్రజలు అనే అర్థముగల ఆంగ్ల గ్రంథము ఇందుకు ఉదాహరణ. అందులో చాలామంది మనుషులు ఒక తెగకు నమూనాగా మాత్రమే కనిపిస్తారు. దీన్ దయాళ్ తీసిన సామాన్యుల చిత్రాలలో కొన్ని ఈ పద్ధతికి దగ్గరగానే ఉన్నాయి. డబ్బు ఇచ్చి చిత్రము తీయించుకొనే వారి పేరు చిత్రంతో పాటు మిగిలింది. దారిలో కనిపించి కెమెరా ముందు నిలిచిన వారి పేర్లు చాలా వరకు మిగలలేదు.

హైదరాబాదు రాక

1885లో దీన్ దయాళ్ ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమితుడయ్యాడు. మహబూబ్ అలీ ఖాన్ 1869లో రెండేళ్ళ వయసులో గద్దెనెక్కి, 1884లో పూర్తి అధికారాలు స్వీకరించాడు. యువకుడైన ఈ ప్రభువుకు వేట, గుర్రాలు, దుస్తులతో పాటు ఛాయాచిత్రాలపై కూడా మక్కువ ఉండేది. 1885లోనే వైస్రాయి లార్డ్ డఫరిన్ కూడా దీన్ దయాళ్ ను తన ఛాయాచిత్రకారునిగా నియమించాడు. కొద్ది కాలానికే ఈయన ప్రభుత్వోద్యోగము విడిచి పూర్తిగా ఛాయాగ్రహణానికే అంకితమయ్యాడు.

హైదరాబాదుకు అప్పటికే రైలు మార్గము ఉన్నది. వాడి నుండి సికింద్రాబాదు వరకు వేసిన నిజాం రైలు మార్గము 1874లో ప్రారంభమై, బొంబాయి - మద్రాసు ప్రధాన మార్గంతో నగరాన్ని కలిపింది. విదేశాల నుండి ఓడలలో వచ్చే గాజు పలకలు, రసాయనాలు, కాగితము ఇక్కడికి చేరడానికి ఈ మార్గము అనుకూలించింది.

సికింద్రాబాదు స్టూడియో

1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. సికింద్రాబాదు అప్పుడు పెద్ద బ్రిటిష్ కంటోన్మెంటు. సైనికాధికారులు, వారి కుటుంబాలు, నిజాం కొలువులోని అమీర్లు, జాగీర్దారులు, వర్తకులు ఈ స్టూడియోకు వచ్చేవారు. రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అనే పేరుతో సంస్థ ప్రసిద్ధి చెందినది. ఈయన కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ కూడా ఛాయాగ్రహణంలో తండ్రికి తోడ్పడ్డారు.

స్టూడియోలో చిత్రించిన పలకలపై సంఖ్యలు వేసి భద్రపరిచేవారు. కావలసినప్పుడు అదే పలక నుండి మరల ప్రతులు తీసేవారు. నేడు పరిశోధకులు చిత్రాల కాలాన్ని నిర్ణయించడానికి ఈ సంఖ్యలు ఆధారంగా ఉన్నాయి.

హైదరాబాదులో ఈయన చిత్రించిన వాటిలో ముఖ్యమైనవి:
- చార్మినార్, దాని చుట్టుపక్కల వీధులు
- ఫలక్‌నుమా మహలు లోపలి గదులు, వెలుపలి దృశ్యాలు
- బషీర్‌బాగ్ మహలు
- నిజాం, ఆయన కొలువులోని ప్రముఖుల రూపచిత్రాలు
- నిజాం పులివేటలు, శిబిరాలు
- సైనిక విన్యాసాలు, కవాతులు
- 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద వేటాడిన పులితో దిగిన చిత్రము

ఆనాటి కెమెరా, పని విధానము

దీన్ దయాళ్ పని ప్రారంభించిన కాలంలో తడి పలక పద్ధతి వాడుకలో ఉండేది. గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రావణము పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రము తీయాలి. వెంటనే కడగాలి. ఇదంతా కొద్ది నిమిషాలలో పూర్తి కావాలి. అందుచేత చిత్రకారుడు ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారము, నీళ్ళు, రసాయనాల పెట్టెలు మోసే మనుషులు, బండ్లు వెంట వెళ్ళవలసి వచ్చేది. 1880వ దశకంలో ముందుగానే తయారు చేసి అమ్మే పొడి పలకలు విరివిగా లభించడంతో ఈ శ్రమ తగ్గింది. వెలుతురు బాగుంటే క్షణంలో కొద్ది భాగము సరిపోయేది. అయినా నీడలోను, భవనాల లోపల కొన్ని క్షణాల పాటు మనిషి కదలకుండా ఉండవలసి వచ్చేది.

కెమెరా పెద్ద చెక్క పెట్టె. దానిని మూడు కాళ్ళ స్టాండుపై నిలిపేవారు. చిత్రకారుడు నల్ల గుడ్డ కప్పుకొని గరుకు అద్దంపై తలక్రిందులుగా పడే బింబాన్ని చూసి కటకాన్ని సరిచేసేవాడు. తరువాత ఆ అద్దము ఉన్న చోట పలకను అమర్చేవాడు. పలక అమర్చిన తరువాత కెమెరాలో నుండి చూడడము సాధ్యము కాదు. అందుచేత చిత్రము తీసే క్షణంలో చిత్రకారుడు కెమెరా ప్రక్కన నిలబడి, ఎదుటి మనిషిని నేరుగా కళ్ళతో చూస్తూ కటకపు మూత తీసేవాడు. ఎదుటివారి కళ్ళు, భుజాలు, చేతులు ఏ క్షణంలో కుదుటపడ్డాయో ఆయన కంటితోనే కనిపెట్టాలి.

ఈ విషయము గ్రహిస్తే ఆనాటి చిత్రకారునికీ నేటి చిత్రకారునికీ గల ముఖ్యమైన భేదము తెలుస్తుంది. చేతిలో ఇమిడే కెమెరాతో మనిషికి తెలియకుండా చిత్రము తీయవచ్చు. దీన్ దయాళ్ కెమెరాను దాచడము అసాధ్యము. బండి దిగినప్పటి నుండి వీధి అంతా ఆయననే చూసేది.

అపరిచితులు, బెరుకు

క్రొత్తవారిని చిత్రించేటప్పుడు జంకు రెండు వైపులా ఉంటుంది. ఎదుటి మనిషికి కెమెరా అంటే బెరుకు. చిత్రకారునికి ఎదుటి మనిషి కాదంటాడేమో, కోపగించుకుంటాడేమో అనే బెరుకు. కెమెరా క్రొత్తగా వచ్చిన రోజులలో చిత్రము తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే నమ్మకము మన దేశంలో అనేక ప్రాంతాలలో ఉండేది. తెలుగు ప్రాంతాలలో పెద్దవాళ్ళు ఈ మాట ఇరవయ్యవ శతాబ్దంలో కూడా అనేవారు. తాము చూడని నల్ల గుడ్డ క్రింద ఒక మనిషి దూరి ఏమి చేస్తున్నాడో తెలియకపోవడము కూడా ఈ భయానికి కారణము.

దీన్ దయాళ్ ఈ బెరుకును ఎలా తొలగించాడో ఆయన చిత్రాలను, పని తీరును పరిశీలించి కొంత తెలుసుకొనవచ్చు.

మొదటిది, పరిచయము. ఈయన సాధారణంగా ఒకరి ద్వారా మరొకరి వద్దకు వెళ్ళాడు. హోల్కర్ ద్వారా డాలీ, డాలీ తరువాత గ్రిఫిన్, ఆ తరువాత వైస్రాయి, నిజాం ఈయన పోషకులయ్యారు. కొలువులోని పెద్ద మనిషి చిత్రము తీయించుకున్న తరువాత మిగిలినవారు తీయించుకొనడానికి వెనుకాడలేదు.

రెండవది, వ్యవధి. కెమెరా అమర్చడానికి పట్టే సమయము చిత్రకారునికీ ఎదుటివారికీ ఒకరికొకరు అలవాటు పడే సమయముగా ఉపయోగపడేది. బిడియము సాధారణంగా మొదటి నిమిషాలలోనే ఎక్కువగా ఉంటుంది.

మూడవది, చేతులకు పని. స్టూడియో చిత్రాలలో మనుషులు కుర్చీ వీపుపై చేయి ఆనించి గాని, పుస్తకము, కర్ర, కత్తి వంటివి పట్టుకొని గాని ఉంటారు. ఏమీ లేకుండా నిలబడిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పట్టుకొనడానికి ఏదైనా ఉంటే ఒళ్ళు బిగుసుకొనడము తగ్గుతుంది.

నాలుగవది, మర్యాద. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అనే విషయము కొలువులో చాలా సున్నితమైనది. ఈయన తీసిన బృంద చిత్రాలలో హోదా క్రమము తప్పకుండా పాటించబడినది. తనకు తగిన చోటు దక్కినదన్న నమ్మకము ఉన్న మనిషి ముఖంలో నిబ్బరము కనిపిస్తుంది.

ఈయన నిజంగా జంకాడా లేదా అన్నది చిత్రాలు చెప్పవు. కాని నక్షా లేఖకునిగా జీవితము ప్రారంభించిన వ్యక్తి ఇరవై ఏళ్ళలోపే వైస్రాయిని, నిజామును కదలకుండా కూర్చోమనే స్థితికి చేరడము సామాన్యమైన విషయము కాదు.

జనానా స్టూడియో

ఆనాటి హైదరాబాదు ఉన్నత వర్గపు స్త్రీలు పరదా పాటించేవారు. కుటుంబానికి చెందని పురుషుని ముందుకు వారు రారు. కాబట్టి ఎంత పేరుగల చిత్రకారుడైనా వారికి పరాయివాడే. సహనము, మర్యాద, పరిచయము ఏవీ ఇక్కడ పనికి రావు. అభ్యంతరము చిత్రకారుని ప్రవర్తనకు సంబంధించినది కాదు, ఆయన అక్కడ ఉండడానికే సంబంధించినది.

దీన్ దయాళ్ ఈ కట్టుబాటును వాదించి మార్చడానికి ప్రయత్నించలేదు. తానే ప్రక్కకు తప్పుకున్నాడు. 1892లో హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించాడు. బయటివారి చూపు పడకుండా దాని చుట్టూ ఎత్తైన గోడలు ఉండేవి. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ దీని నిర్వాహకురాలు. లోపల పనిచేసేవారు స్త్రీలే. పరదా పాటించే స్త్రీలు ఇక్కడికి వచ్చి స్వేచ్ఛగా చిత్రాలు తీయించుకొనే వీలు కలిగింది.

ఈ ఏర్పాటులో వ్యాపార దృష్టి కూడా ఉన్నది. నగరంలోని సంపన్న కుటుంబాలలో సగము మంది అప్పటి వరకు స్టూడియోకు వినియోగదారులు కాలేదు. ఏది ఏమైనా, ఛాయాచిత్రము తీసే పనిలో స్త్రీలకు బాధ్యత అప్పగించిన తొలి ఏర్పాట్లలో ఇది ఒకటిగా భారతీయ ఛాయాగ్రహణ చరిత్రలో నిలిచింది. నిరాకరించే వారిని ఒప్పించడము కాక, వారు నిరాకరించనవసరము లేని పరిస్థితిని కల్పించడము ఇందులోని విశేషము.

కరువు చిత్రాలు

దీన్ దయాళ్ పేరు చెప్పగానే మహళ్ళు, నగలు గుర్తుకు వస్తాయి. కాని ఈయన సంస్థ కరువు చిత్రాలను కూడా తీసింది. 1899-1900 ప్రాంతంలో దక్కనులో తీవ్రమైన కరువు వచ్చింది. అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు జిల్లాలో ప్రభుత్వము సహాయ పనులు చేపట్టింది. ఆ పనులను నమోదు చేయడానికి తీసిన చిత్రాలలో సహాయము కొరకు గుమిగూడిన పేదలు, పని చేసే కూలీలు, పిల్లలు, అధికారులు కనిపిస్తారు.

ఈ చిత్రాలలోని మనుషులు స్టూడియోకు వచ్చినవారు కారు. చిత్రము తీయమని అడిగినవారు కారు. అన్నము కొరకు వచ్చిన చోట కెమెరా ముందు నిలబడినవారు. వద్దనే అవకాశము వారికి ఎంత వరకు ఉన్నదో ఊహించవచ్చు. అధికారులు నిలబడిన తీరు, జనాన్ని వరుసలుగా కూర్చోబెట్టిన తీరు చూస్తే, ప్రభుత్వము చేస్తున్న సహాయాన్ని చూపించడము ఈ చిత్రాల ప్రధాన ఉద్దేశమని తెలుస్తుంది.

ఈ సందర్భంలో 1876-78 నాటి మద్రాసు కరువు చిత్రాలను పోల్చి చూడడము అవసరము. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను కూడా పీడించిన ఆ కరువు బాధితులను విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి చిత్రించాడు. ఎముకల గూళ్ళవంటి మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఆ చిత్రాలు కరువు తీవ్రతను లోకానికి తెలిపాయి. అదే సమయంలో ఆయన నిర్దయపై తీవ్రమైన విమర్శ కూడా వచ్చింది. దీన్ దయాళ్ సంస్థ చిత్రాలు అంత దారుణంగా లేవు. అయినా అపరిచితుని చిత్రించడంలో జంకు పోవడము ఒక్కటే చాలదని, ఎదుటి మనిషికి కాదనే శక్తి ఉన్నదా అన్న ప్రశ్న కూడా ఉంటుందని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతాయి. బెరుకు లేని చిత్రకారుడు తప్పు చేయడని అనుకొనడానికి వీలు లేదు.

బిరుదులు, గుర్తింపు

1893లో అమెరికాలోని చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈయన చిత్రాలకు బహుమతి లభించింది. 1894లో నిజాం ఈయనకు రాజా బహదూర్, ముసవ్విర్ జంగ్ అనే బిరుదులను ప్రదానము చేశాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు అని అర్థము. స్వయంగా ఉర్దూ కవి అయిన నిజాం ఈయన నేర్పును మెచ్చుకొంటూ ద్విపద చెప్పాడని ప్రతీతి. విక్టోరియా మహారాణి ఛాయాచిత్రకారుడు అని పేర్కొనే అధికార పత్రము కూడా ఈయనకు లభించింది.

చివరి రోజులు

1896లో బొంబాయిలో స్టూడియో ప్రారంభమైనది. అక్కడ మధ్య తరగతి కుటుంబాలు కూడా చిత్రాలు తీయించుకొనేవి. 1904లో కుమారుడు ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరము జూలై 5, 1905న దీన్ దయాళ్ బొంబాయిలో మరణించాడు. తరువాత జ్ఞాన్ చంద్, ఆయన తరువాతి తరమువారు సంస్థను కొంత కాలము నడిపారు. మనుమడు అమీ చంద్ కూడా ఛాయాచిత్రకారునిగా పేరు పొందాడు.

వారసత్వము

1989లో న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రము ఈయన స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకల నెగెటివ్‌లను సేకరించింది. ఒకే భారతీయ స్టూడియోకు చెందిన ఇంత పెద్ద నెగెటివ్‌ల సముదాయము అరుదు. 2006లో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈయన చిత్రాల ప్రదర్శన జరిగింది. అదే సంవత్సరము నవంబరులో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళను హైదరాబాదులోని జూబిలీ హాలులో విడుదల చేసింది. 2010లో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రము ఈయన చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసింది. 2013లో కెనడాలోని టొరంటోలో రాయల్ ఒంటారియో మ్యూజియము కూడా ఈయన చిత్రాలను ప్రదర్శించింది. అదే సంవత్సరము దీపాలి దేవాన్, డెబొరా హటన్ ఈయనపై వ్రాసిన సమగ్ర గ్రంథము వెలువడినది.

నేటి సైబరాబాదులో వీధి ఛాయాగ్రహణము

దీన్ దయాళ్ కాలంలో నగరానికి పడమర ఉన్న మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు రాళ్ళ గుట్టలు, చెరువులు, పల్లెలతో నిండి ఉండేవి. నవంబరు 22, 1998న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతము హైటెక్ సిటీగా పెరిగింది. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, తరువాత రాయదుర్గానికి చేరింది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన ప్రారంభమైనది. దేశంలోని అన్ని ప్రాంతాల నుండి వచ్చినవారు ఇక్కడ పనిచేస్తారు. టీ బండ్ల వద్ద, మెట్రో మెట్ల వద్ద, బస్ స్టాపులలో ఒకరినొకరు ఎరుగనివారే ఎక్కువ. అందుచేత వీధి ఛాయాగ్రహణము అభ్యసించే యువకులకు ఈ ప్రాంతము ఆకర్షణీయముగా ఉంటుంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ప్రదర్శనలు మాధాపూర్ లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో జరిగాయి.

క్రొత్తగా ప్రారంభించేవారు సాధారణంగా జంకును తప్పించుకొనడానికి దూరము నుండి గాని, దొంగచాటుగా గాని చిత్రము తీయడానికి ప్రయత్నిస్తారు. ఇది క్రొత్త పద్ధతి కాదు. అమెరికాలో పాల్ స్ట్రాండ్ 1916లో న్యూయార్కు వీధులలో కెమెరాకు ప్రక్కగా ఉత్తుత్తి కటకము బిగించి, మరొక వైపు చూస్తున్నట్లు కనిపిస్తూ మనుషులను చిత్రించాడు. ఆ చిత్రాలు ప్రసిద్ధి చెందాయి. అయితే దాచి తీసే వారికి పట్టుబడతామనే భయము వదలదు. దీన్ దయాళ్ పద్ధతి దీనికి భిన్నమైనది. కెమెరా అందరికీ కనిపిస్తుంది. చిత్రకారుడు ఎదురుగా నిలబడి అడుగుతాడు. కాదంటే అక్కడితో ఆ విషయము ముగుస్తుంది.

నేడు దీనికి చట్టపరమైన నేపథ్యము కూడా ఉన్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడము, చిత్రించడము 2013 నుండి నేరము. బహిరంగ వీధిలో సాధారణ దృశ్యాలను చిత్రించడంపై సర్వసాధారణ నిషేధము లేదు. కాని కార్యాలయ సముదాయాల ఆవరణలు, మెట్రో స్టేషన్లు వంటి చోట్ల ఆయా యాజమాన్యాల నియమాలు వర్తిస్తాయి.

ముఖ్య ఘట్టాలు

- 1844: సర్ధనాలో జననము
- 1866: ఇండోర్ లో ప్రజా పనుల శాఖలో ఉద్యోగము
- 1874: ఛాయాగ్రహణంలో కృషి ఆరంభము
- 1875-76: వేల్స్ యువరాజు పర్యటన చిత్రాలు
- 1885: నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియామకము
- 1886: సికింద్రాబాదు స్టూడియో, మధ్య భారత కట్టడాల గ్రంథము
- 1892: హైదరాబాదులో జనానా స్టూడియో
- 1893: చికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి
- 1894: నిజాం నుండి బిరుదులు
- 1896: బొంబాయి స్టూడియో
- 1905: బొంబాయిలో మరణము
- 2006: స్మారక తపాలా బిళ్ళ

ఇవి కూడా చూడండి

- మీర్ మహబూబ్ అలీ ఖాన్
- ఫలక్‌నుమా ప్యాలెస్
- సాలార్‌జంగ్ మ్యూజియం
- సికింద్రాబాదు
- హైటెక్ సిటీ
- ఛాయాగ్రహణము